ఉప్పునీటి ట్యాంకులో నైట్రేట్‌ని సహజంగా తగ్గించడం ఎలా? చెన్నై ఇళ్లకు పనికొచ్చే పద్ధతి

ఉప్పునీటి అక్వేరియం పెట్టిన చాలా ఇళ్లలో మొదటి ఏడాది ఇలాగే గడుస్తుంది. చేపలు బాగానే తింటుంటాయి, నీళ్లు తేటగానే ఉంటాయి. కానీ ఇసుక మీద గోధుమరంగు పొర పేరుకుంటుంది, అద్దం తుడిచిన రెండో రోజుకే మళ్లీ పాచి పడుతుంది. టెస్ట్ చేస్తే ట్యూబులో ముదురు ఎరుపు కనిపిస్తుంది. అప్పుడు టెన్షన్ పడి షాపుకి వెళ్లి ఏదో ఒక మందు సీసా తెచ్చి పోయకండి. నైట్రేట్ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి అక్కడ తగ్గించాలి, వచ్చినదాన్ని తినేసేవాటిని ట్యాంకులోనే పెంచాలి. ఖర్చు పెద్దగా ఉండదు, రెండు మూడు నెలల ఓపిక మాత్రం కావాలి.

జరిగేది ఇది. చేపల వ్యర్థాలు, మిగిలిన తిండి కుళ్లి అమ్మోనియా అవుతాయి. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో ఈ పని చకచకా జరిగిపోతుంది. నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి పంపే బ్యాక్టీరియాకి మాత్రం ఆక్సిజన్ లేని చోటు కావాలి. మన ట్యాంకుల్లో అలాంటి చోటు తక్కువ కాబట్టి నైట్రేట్ పేరుకుపోతుంది.

ముందు సరిగ్గా కొలవండి

సగం మంది ఇక్కడే పొరపడతారు. రెండు సీసాల కిట్ అయితే రెండో సీసా అడుగున పొడి గట్టిగా పేరుకుని ఉంటుంది. దాన్ని అర నిమిషం పాటు బలంగా ఊపాలి, అవసరమైతే బల్ల మీద తట్టాలి. చుక్కలు వేశాక ట్యూబుని కూడా నిమిషం ఊపి, కిట్‌లో చెప్పినంతసేపు ఆగి, పగటి వెలుతురులో తెల్ల కార్డు మీద పెట్టి రంగు చూడండి. సరిగ్గా ఊపకపోతే 40 ఉన్న చోట 5 చూపిస్తుంది, మీరు నిశ్చింతగా ఉండిపోతారు. చెన్నై ఎండల్లో వంటింటి అటక మీద పెట్టిన కిట్‌ని నమ్మొద్దు. చల్లటి చోట పెట్టండి, గడువు తేదీ చూసుకోండి.

ఇంకో రెండు సంగతులు. నీళ్లలో నైట్రైట్ ఉంటే నైట్రేట్ కిట్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి కొత్త ట్యాంకు అయితే నైట్రైట్ సున్నాకి వచ్చాకే ఈ పని మొదలుపెట్టండి. కొన్ని కిట్లు నైట్రేట్‌ని కాకుండా అందులోని నైట్రోజన్‌ని మాత్రమే చూపిస్తాయి. ఆ అంకెను 4.43తో గుణిస్తే అసలు నైట్రేట్ వస్తుంది. పెట్టె మీద ఏం రాసుందో చదవండి.

ఎంత ఉంటే మంచిది? చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో 30 పీపీఎమ్ (లీటరుకు మిల్లీగ్రాములు అనుకోవచ్చు) దాకా ఉన్నా కంగారు లేదు, 40 దాటనివ్వకండి. మెత్తని పగడాలు ఉంటే 5 నుంచి 15, గట్టి పగడాలు ఉంటే 2 నుంచి 10 మధ్య పెట్టుకోండి. సున్నా చేయాలని మాత్రం పట్టుపట్టొద్దు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పూర్తిగా అయిపోయిన ట్యాంకులో పగడాలు పాలిపోతాయి. డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగురు జిగురు గోధుమరంగు పొర పట్టుకుంటుంది, అది మామూలు పాచి కంటే మొండిది.

ట్యాంకులోకి పోసే నీళ్లు చూడండి

ట్యాంకు నీళ్లు కొలిచిన రోజే, మీరు ఉప్పు కలపడానికి వాడే నీళ్లు కూడా కొలవండి. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన దేశపు ప్రమాణం. అంటే మనుషులు తాగడానికి పనికొచ్చే నీళ్లే మీ ట్యాంకుకి ఎక్కువ కావచ్చు. చెన్నైలో ఒకే అపార్ట్‌మెంట్ సంపులో మెట్రో వాటర్, బోరు నీళ్లు, లారీ నీళ్లు కలిసిపోతాయి. ఇళ్లు కిక్కిరిసి ఉన్న చోట డ్రైనేజీ ఊటతో బోరు నీళ్లలో నైట్రేట్ ఉండటం మామూలే. నెమ్మేలి వైపు నుంచి శుద్ధి చేసిన సముద్రపు నీళ్లు వచ్చే దక్షిణ చెన్నైలో కాస్త నయం, అయినా ఏ వారం ఏ నీళ్లు కలుస్తాయో వాచ్‌మన్‌కి కూడా తెలియదు.

వంటింటి ఆర్‌ఓ నైట్రేట్‌ని చాలా వరకు తీసేస్తుంది, మొత్తం తీయదు. పైగా తాగే ఆర్‌ఓలో రుచి కోసం మినరల్స్ కలిపే కార్ట్రిడ్జ్ ఉంటుంది, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) పెంచే వాల్వ్ ఉంటుంది. ట్యాంకుకి పట్టుకునే నీళ్లు వాటికంటే ముందే తీసుకునేలా టెక్నీషియన్‌తో పైపుకి ఒక టీ జాయింట్ పెట్టించుకుని, దానికి డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికల ఫిల్టర్) తగిలించండి. టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. సున్నా దాటిందంటే రెజిన్ మార్చే రోజు వచ్చింది.

బీచ్ నుంచి నీళ్లు తెచ్చుకుంటామని కొందరు అంటారు. నేను వద్దనే చెబుతాను. మెరీనాకి కూవం, బెసెంట్ నగర్‌కి అడయార్ నది ముఖద్వారాలు దగ్గరే ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి ఒడ్డు దగ్గర ఉప్పదనం కూడా పడిపోతుంది. షాపులో క్యాన్లలో అమ్మే సముద్రపు నీళ్లు తప్పనిసరై తీసుకుంటే, పోసే ముందు ఉప్పదనం, నైట్రేట్ రెండూ కొలవండి.

తిండి లెక్క

ట్యాంకులోకి వచ్చే నైట్రేట్‌లో చాలా భాగం మన చేత్తో వేసేదే. ఒక లెక్క చూడండి. పొడి తిండిలో 45 శాతం ప్రొటీన్ ఉందనుకుందాం. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్. రోజుకి వేసే ఒక గ్రాము తిండిలో 72 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటే, అదంతా నైట్రేట్‌గా మారినప్పుడు 319 మిల్లీగ్రాములు అవుతుంది. 200 లీటర్ల ట్యాంకులో అది రోజుకి 1.6 పీపీఎమ్, నెలకి 48. కొంత చేపల ఒంట్లోకి పోతుంది, కొంత స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే పరికరం) లాగేస్తుంది కాబట్టి నిజంగా అంత పెరగదు. అయినా రోజూ వేసే ఒక చిటికె ఎంత పని చేస్తుందో ఈ లెక్కలో తెలుస్తుంది. వంటింటి చిన్న తూకం మీద మీరు వేసే తిండి ఒక్కసారి తూచి చూడండి. చాలామందికి అక్కడే సమాధానం దొరుకుతుంది.

ఒకటి రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంతే వేయండి. క్లౌన్ చేపలు, డామ్‌సెల్‌లు అద్దం దగ్గరికి వచ్చి ఆడుతున్నాయంటే ఆకలని కాదు, అది వాటి అలవాటు. గడ్డకట్టిన మైసిస్, బ్రైన్ ష్రింప్ (రొయ్యల్లాంటి బుల్లి జీవులు) వేసేవారు ముక్కను నేరుగా ట్యాంకులో పడేయకుండా చిన్న గిన్నెలో ఆర్‌ఓ నీళ్లలో కరగనివ్వండి. తర్వాత టీ వడపోసే జల్లెడలో వేసి, ఇంకొంచెం నీళ్లు పోసి కడగండి. గిన్నెలో మిగిలే ఆ గులాబీ రంగు రసంలో చేపలు తినగలిగేది ఏమీ ఉండదు, ట్యాంకులో పడితే నేరుగా నైట్రేట్, ఫాస్ఫేట్ అవుతుంది. కాశిమేడు నుంచి తెచ్చిన పచ్చి రొయ్యల్ని తరిగి వేసేవారు ఈ కడగడం అసలు మానొద్దు.

మురికి నిలిచే చోట్లు

ఫిల్టర్ సాక్‌ని (మురికిని పట్టే గుడ్డ సంచి) మూడు నాలుగు రోజులకోసారి మార్చండి. అందులో చిక్కుకున్న తిండి, రెట్ట నీళ్ల మధ్యే ఉన్నంతకాలం కుళ్లుతూనే ఉంటాయి. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్) ఉంటే లోపలి స్పాంజీలు వారానికోసారి, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి. బయోబాల్స్ (బ్యాక్టీరియా పట్టుకునే ప్లాస్టిక్ బంతులు) ఉంటే, ట్యాంకులో చాలినన్ని రాళ్లు ఉన్నప్పుడు వాటిని వారానికి కొన్ని చొప్పున తీసేయండి. ఒకేసారి తీస్తే అమ్మోనియా పెరుగుతుంది.

స్కిమ్మర్ కప్పు నిండేదాకా ఆగకండి. కప్పు మెడ లోపలి గోడకి జిడ్డు పట్టగానే నురగ పైకి రావడం తగ్గిపోతుంది. రెండు మూడు రోజులకోసారి ఆ మెడను వేలితో తుడిచి కడిగితే అదే స్కిమ్మర్ మరింత మురికి లాగుతుంది. మురికి కుళ్లి అమ్మోనియా కాకముందే బయటికి పోయే దారి ఇది.

నీళ్లు మార్చడం చేసే పని, చేయలేని పని

నైట్రేట్ 80 ఉంటే, వారానికి 20 శాతం నీళ్లు మారుస్తూ పోతే 64, 51, 41 అని తగ్గాలి. కానీ ఆ మధ్యలో కొత్తది చేరుతూనే ఉంటుంది. రోజుకి 1 పీపీఎమ్ చొప్పున పెరిగే ట్యాంకులో వారం వారం 20 శాతం మారిస్తే, చివరికి నీళ్లు మార్చే ముందు 35, మార్చాక 28 దగ్గర ఆగిపోతుంది. ఏడాదంతా మార్చినా అంతకంటే దిగదు. 200 లీటర్ల ట్యాంకుకి ప్రతిసారీ 40 లీటర్లు, అంటే దాదాపు కిలోన్నర సాల్ట్ మిక్స్. ఆ డబ్బు పోసి 28 దగ్గరే ఉండటం కంటే, రోజువారీ పెరుగుదలని తినేసే దాన్ని పెంచడం మేలు. నీళ్లు మార్చడం మానమని కాదు, ఖనిజాల కోసం 10 శాతమైనా మారుస్తూ ఉండండి.

నాచు పెంచండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ట్యాంకు కింద ఫిల్టర్ సామాను పెట్టే తొట్టిలో (దీన్నీ సంపు అనే అంటారు) ఒక గది వేరు చేసి అందులో కీటోమోర్ఫా అనే నాచుని పెంచాలి. షాపుల్లో కీటో అంటే ఇస్తారు. ముదురు ఆకుపచ్చ దారాల ఉండలా ఉంటుంది, వేళ్లు ఉండవు, రాళ్లకు అంటుకోదు. కాలెర్పా కూడా దొరుకుతుంది, త్వరగా పెరుగుతుంది కూడా. కానీ అది ఒక్కోసారి రాత్రికి రాత్రే బీజాలు వదిలి తెల్లబడిపోయి, తిన్నదంతా నీళ్లలోకి తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే కీటోనే తీసుకోండి.

తెచ్చిన ఉండను అలాగే వేసేయకండి. ఒక తెల్ల టబ్బులో ఉప్పునీళ్లు పోసి, ఉండను విడదీసి బాగా జాడించండి. చిన్న పీతలు, పురుగులు, ఐప్టేసియా అనే చిన్న కుట్టే అనిమోన్లు, బుడగ నాచు ముక్కలు అడుగున కనబడతాయి. పచ్చటి ముత్యంలాంటి బుడగ ఏదైనా ఉంటే చిదమకుండా చుట్టూ కత్తిరించి తీసేయండి, చిదిమితే లోపలి బీజాలు చిమ్మవచ్చు.

చోటు విషయానికొస్తే, ట్యాంకు నీళ్లలో పదో వంతు పట్టే గది కనీసం ఉండాలి, ఐదో వంతు ఉంటే ఇంకా మంచిది. సంపు లేనివాళ్లు ట్యాంకు వెనక తగిలించే పెట్టెలోనూ పెంచొచ్చు. నీళ్లు కింది నుంచి వచ్చి ఉండ నెమ్మదిగా తిరిగేలా ప్రవాహం ఉంటే అన్ని వైపులా వెలుతురు పడుతుంది. కదలకుండా ఉంటే మధ్యలో మురికి పట్టి కుళ్లుతుంది.

లైటుకి మొక్కల కోసం అమ్మే ఎల్‌ఈడీ గ్రో లైట్ సరిపోతుంది, 6500 కెల్విన్ తెల్ల లైటు కూడా పనిచేస్తుంది. ఎక్కువమంది మరీ చిన్న లైటు పెట్టి, కీటో పెరగట్లేదని వదిలేస్తారు. బలమైన లైటు పెట్టి, పైట్యాంకు లైట్లు ఆరిపోయాక రాత్రంతా, 12 నుంచి 16 గంటలు వెలగనివ్వండి. రాత్రిపూట ట్యాంకులో పీహెచ్ పడిపోతుంది. ఆ వేళ నాచు కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది కాబట్టి పీహెచ్ కూడా నిలకడగా ఉంటుంది. మన దగ్గర ఇంకో ఇబ్బంది వేడి. క్యాబినెట్ తలుపు మూసి లైటు వేస్తే సంపు నీళ్లు కాగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తలుపు తీసే ఉంచి, చిన్న ఫ్యాన్ నీళ్ల మీదకి తిప్పండి. నీళ్లు 28 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. చెన్నై ఉక్కలో ఫ్యాన్ ఒక్కటే చాలక, ఎండాకాలంలో గది ఏసీ గానీ చిల్లర్ గానీ కావాల్సి రావచ్చు. ఫ్యాన్‌కి ఆవిరైన నీళ్లకు బదులు ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే పోయండి.

మొదటి రెండు వారాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఉండ ఒత్తవుతుంది, కింద వెలుతురు పడటం తగ్గుతుంది. గది నిండగానే మూడో వంతు తీసేయండి. తోటకూర కోసినట్టే, కోస్తేనే మిగతాది జోరుగా పెరుగుతుంది. అసలు విషయం, నాచు పీల్చిన నైట్రేట్ ట్యాంకు దాటి పోయేది మీరు నాచుని బయటికి తీసినప్పుడే. కోయకుండా వదిలేస్తే లోపలి భాగం చచ్చి, దాచిందంతా తిరిగి నీళ్లలో కలుస్తుంది. తీసిన కీటోని ఉప్పు పోయేలా కడిగి కంపోస్టులో వేయొచ్చు. సముద్రంలో గానీ చెరువులో గానీ పారేయకండి.

కీటో పెరగకపోతే ఫాస్ఫేట్ కొలవండి. నైట్రేట్ 40 ఉండి ఫాస్ఫేట్ సున్నా ఉంటే నాచు ఎదగదు. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎమ్ మధ్య ఉండాలి. ఫాస్ఫేట్ తీసే రెజిన్ వాడుతుంటే కొన్నాళ్లు ఆపండి. రెండూ బాగుండి కూడా పాలిపోతుంటే ఐరన్ తక్కువై ఉండొచ్చు.

రాళ్లు, ఇసుక

ఆక్సిజన్ అందని చోట నైట్రేట్‌ని వాయువుగా మార్చే బ్యాక్టీరియా సంగతి పైన చెప్పాను. వాటికి ఇల్లు సూక్ష్మరంధ్రాలున్న రాళ్ల లోపలి భాగం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన సముద్రంలోంచి గట్టి పగడాలు, పగడపు రాళ్లు తీయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం. మన్నార్ సింధుశాఖ నుంచి వచ్చిందని ఎవరైనా చవగ్గా ఇస్తే తీసుకోకండి. సిరామిక్, సిమెంటు రాళ్లు, రంధ్రాలున్న బయో మీడియా బ్లాకులు దొరుకుతాయి. నడుస్తున్న ఆరోగ్యమైన ట్యాంకు నుంచి గుప్పెడు ఇసుక పక్కన వేస్తే కొన్ని నెలల్లో వాటిలో బ్యాక్టీరియా నిలదొక్కుకుంటాయి. నీళ్లు రాళ్ల చుట్టూ తిరిగేలా సందులు వదలండి, గోడ కట్టినట్టు పేర్చితే వెనక మురికి చేరుతుంది.

లోతైన ఇసుక పరుపు కూడా పనిచేస్తుంది. సన్న ఇసుక 10 నుంచి 15 సెంటీమీటర్ల మందం ఉండాలి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ట్యాంకులో 12 సెంటీమీటర్ల ఇసుక వేస్తే సుమారు 75 కిలోలు. స్టాండు, నేల రెండూ ఆలోచించుకోవాలి. పైగా పాత లోతైన ఇసుకను కదిపితే విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికి రావచ్చు. అందుకే అపార్ట్‌మెంట్లలో నేను ఇచ్చే సలహా ఇది: ట్యాంకులో రెండు మూడు సెంటీమీటర్లు మించకుండా వేసి వారం వారం సైఫన్‌తో పైపైన శుభ్రం చేసుకోండి. లోతైన ఇసుక కావాలంటే సంపు పక్కన మూతున్న బకెట్‌లో వేసి పైన నీళ్లు పారనివ్వండి. ఆ బకెట్‌ని తర్వాత కదపొద్దు.

వెనిగర్, చివరగా

ఇవన్నీ చేసి రెండు మూడు నెలలు చూశాక కూడా నైట్రేట్ 30 పైనే ఉంటే, మంచి స్కిమ్మర్ ఉన్నవాళ్లు మాత్రమే దీనికి రండి. వెనిగర్‌లోని కార్బన్‌తో బ్యాక్టీరియా పెరిగి నైట్రేట్‌ని తింటాయి, ఆ బ్యాక్టీరియాని స్కిమ్మర్ లాగేస్తుంది. కిరాణా కొట్లో దొరికే రంగు, రుచి ఏమీ కలపని తెల్ల వెనిగర్ చాలు. 100 లీటర్లకి రోజుకి 1 మిల్లీలీటరుతో మొదలుపెట్టి, వారానికోసారి అంతే పెంచుకుంటూ వెళ్లండి. ఉదయం లైట్లు వెలిగాక, నీళ్లు వేగంగా పారే చోట చుక్కచుక్కగా పోయండి, ఎందుకంటే అది పీహెచ్‌ని తగ్గిస్తుంది. నైట్రేట్ తగ్గడం మొదలైన రోజు పెంచడం ఆపేయండి. నీళ్లు పాలలా మసకబారినా, అద్దం మీద తెల్లటి జిగురు వచ్చినా మోతాదు సగానికి తగ్గించండి.

ఈ బ్యాక్టీరియా ఆక్సిజన్‌ని కూడా తినేస్తాయి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ. మే నెలలో, కరెంటు పోతూ వస్తూ ఉండే రోజుల్లో వెనిగర్ మొదలుపెట్టకండి. ఇన్వర్టర్ మీద కనీసం ఒక వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే చిన్న పంపు), లేదంటే బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉండాలి.

వేగం తగ్గించండి

నైట్రేట్ 60 ఉన్నా ఒకే వారంలో 10కి దించకండి. నెలల తరబడి ఎక్కువ నైట్రేట్‌కి అలవాటు పడ్డ పగడాలు ఒక్కసారిగా తగ్గితే ముడుచుకుంటాయి, రంగు పోతాయి. వారానికి 5 నుంచి 10 పీపీఎమ్ తగ్గితే చాలు. ప్రతి వారం ఒకే రోజు, నీళ్లు మార్చకముందే కొలిచి నోటుబుక్కులో రాయండి. పక్కన ఆ వారం ఎంత తిండి వేశారో, కీటో ఎంత తీశారో కూడా రాస్తే, నాలుగు వారాలకి మీ ట్యాంకు రోజుకి ఎంత పెంచుతుందో మీకే తెలుస్తుంది. తగ్గుతూ ఉన్న అంకె హఠాత్తుగా పెరిగితే రాళ్ల వెనక చచ్చిన నత్త గానీ, కనబడకుండా పోయిన చేప గానీ ఉందేమో టార్చ్ వేసి వెతకండి. ఆ రోజు అమ్మోనియా కూడా కొలవండి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఇంకో జాగ్రత్త. పక్కింటి అక్కకు తిండి సీసా అప్పగించి వెళ్తే, ప్రేమతో రోజుకి రెండు పూటలా వేస్తారు, తిరిగొచ్చేసరికి నెలల కష్టం పోతుంది. పెద్దవాళ్లు మందుబిళ్లలు పెట్టుకునే రోజుల డబ్బా ఉంటుంది కదా, అందులో ఒక్కో అరలో ఒక్కో రోజు తిండి కొలిచి పెట్టి, రోజు విడిచి రోజుకే నింపండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద క్లౌన్ చేపలు, డామ్‌సెల్‌లు రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా తట్టుకుంటాయి. వెళ్లే ముందు రోజు సాక్ మార్చి, స్కిమ్మర్ కప్పు కడిగి, కీటో మూడో వంతు కోసి, ఆర్‌ఓ నీళ్ల డబ్బా నింపి వెళ్లండి.